పదిహేడో షరతు

మార్చి 2

ఇది నా కుట్టు ఆర్డర్ల పుస్తకం. ఇవాళ్టి నుంచి వెనక పేజీల్లో వేరే సంగతులు రాసుకుంటాను. మౌలాలన్న అలా చేయమన్నాడు. "వాళ్లేమన్నెదీ నువ్వేమన్నెదీ ఆ పొద్దే రాసిపెట్టుకోమ్మా. మల్ల మేమట్ల అనలేదంటారు" అన్నాడు.

కంపెనీ నుంచి కాగితం వచ్చింది. పగటి గ్యాంగులో నాకు ఉద్యోగం ఇస్తామంటున్నారు. మౌలాలన్న అదే గ్యాంగులో తొమ్మిదేళ్లుగా ఉన్నాడు. మేముండే ఏడో గుంత నుంచి వెళ్లి అన్నేళ్లు చేసి బతికి ఉన్నవాడు ఆయనొక్కడే.

పైన మైదానంలో సౌర పలకలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా సూర్యుడి వెంట తిరగాలి. దుమ్ము పట్టి ఏదైనా వరస బిగుసుకుంటే ఎవరో ఒకరు ఎండలోకి వెళ్లి అప్పటికప్పుడు విడిపించాలి. యంత్రాల్ని పంపి చూశారు. అవీ అదే దుమ్ముకు బిగుసుకుని నిలబడిపోయాయి. వాటిని తెచ్చుకోవడానికి మళ్లీ మనుషులే వెళ్లారు.

నెలకు నలభై వేలు, పై వరసలో ఒక చల్లగది. కాగితం మొదటి పేజీలో ఈ రెండే పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. గదులివ్వడం పోయిన ఏడాదే మొదలుపెట్టారు. నాకు కావలసింది గది. నా కూతురు ఈశ్వరికి ఎనిమిదేళ్లు. పోయిన వేసవిలో రెండుసార్లు వడదెబ్బ తగిలి ఫిట్స్ వచ్చాయి. ఇక్కడ గుంతలో, నాపరాయి తవ్విన గోడల మధ్య, రేకుల కప్పు కింద, మనిషికి రోజుకు రెండు గంటలే చలువ హాలు. మిగతా పొద్దంతా తడిగుడ్డలు చుట్టుకుని కూర్చోవడమే.

కాగితం మొత్తం ఇరవై ఆరు పేజీలు. రెండుసార్లు చదివాను. పదిహేడో షరతు ఇలా ఉంది: "కార్మికుడు మైదానంలో కదలలేని స్థితిలో ఉన్నచో, వెలుపలి ఉష్ణోగ్రత నలభై ఆరు డిగ్రీలకు తగ్గిన పిమ్మట సంస్థ అతడిని తీసుకువచ్చును."

నా భర్త మద్దిలేటి పోయిన ఏడాదికి ముందటి ఏడాది మే నెలలో, పొద్దున పదకొండు గంటలకు అరవయ్యో వరసలో పడిపోయాడు. సాయంత్రం ఆరున్నరకు తీసుకొచ్చారు. పడ్డాక దాదాపు రెండు గంటలు ప్రాణం ఉండి ఉంటుందని డాక్టరు కాగితంలో రాశాడు. ఆ రెండు గంటలూ నేను హాలు గుమ్మంలో నిలబడి అందరి కాళ్లూ పట్టుకున్నాను. ఎవరూ వెళ్లలేదు. వాళ్ల కాగితాల్లో అలా లేదు.

మార్చి 4

మౌలాలన్న తన చలువ చొక్కా తెచ్చాడు. లోపలి గొట్టాల్లో నీళ్లు తిప్పే వీపు మీది పంపు ఆగి ఆగి తిరుగుతోంది. నేను విప్పి చూస్తుంటే బల్ల పక్కన కూర్చుని బేరం ఎలా చేయాలో చెప్పాడు.

"ముందరే జీతం అడగద్దు. అడిగితే నవ్వుకుంటా రెండు వేలు పెంచి, ఇంగ అయిపాయ అంటారు."

"మరేం అడగాలన్నా?"

"నీకేం కావల్నో అది. ఒకటే అడుగు. పది అడిగితే పదీ చిన్నవైపోతాయి."

"పదిహేడు మార్చమంటా. పడిపోతే అప్పుడే రావల్ల. ఎంత ఎండైనా సరే."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "అది ఇయ్యరమ్మా. బండి రావల్లంటే బండిలో ఇంగొక మనిషి రావల్ల గదా."

"నువ్వు చేరినప్పుడు ఏం అడిగినావు?"

"నేనా?" నవ్వాడు. "సంతకం యాడ పెట్టాల సార్ అని అడిగినా."

తరువాత నా చేతుల్లోని పంపు వైపు చూసి, "వాళ్ల దగ్గర లేనిది నీ దగ్గరేముందో చూసుకో" అన్నాడు. "పోయిన నెల్లో నాలుగు చొక్కాలు నడి ఎండలో ఆగిపాయ. నలుగురూ వరస వదిలేసి ఎనక్కొచ్చిరి. అట్లాటి దాన్ని ఆడికాడ్నే బాగుచేసే మనిషి గ్యాంగులో ఎవురున్నారు? అది పట్టుకో. వదలద్దు."

పంపు బాగుచేసినందుకు డబ్బు తీసుకోలేదు. ఆయన బలవంతం చేయలేదు. వెళ్తూ వెళ్తూ ఈశ్వరి నెత్తి మీద తడిగుడ్డ సరిచేసి వెళ్లాడు.

మార్చి 6

కంపెనీ ఆఫీసుకు మొదటిసారి వెళ్లాను. నియామకాలు చూసే ఆవిడ పేరు హిమజ మేడం. నా కంటే చిన్నది. లోపలి చలికి స్వెట్టర్ వేసుకుంది. నాకు పది నిమిషాల్లో పళ్లు కొట్టుకోవడం మొదలైంది. మాట వణికితే భయమనుకుంటుందేమోనని పళ్లు బిగబట్టి మాట్లాడాను.

పదిహేడో షరతు మార్చాలని చెప్పాను.

"అది అందరికీ ఒకటేనండీ. మార్చే వీలు లేదు. జీతం గురించి కావాలంటే చూద్దాం" అంది. కాసేపటికి తనే మూడు వేలు పెంచింది. నేను తల ఊపలేదు. ఇంకో రెండు వేలు పెంచింది. అప్పుడు నిజంగానే నా మనసు ఊగింది. ఐదు వేలంటే ఈశ్వరి మందులన్నీ వస్తాయి.

"నాకు జీతం వద్దు మేడం. నేను పడితే నన్ను తెచ్చేది కావాల."

"పడతారని ఎందుకు అనుకుంటున్నారు?"

"మా ఆయన కూడా అనుకోలేదు."

ఆవిడ కాగితాల్లో ఏదో వెతికింది. మద్దిలేటి పేరు కనబడి ఉంటుంది. మొహంలో చిన్న మార్పు వచ్చింది గానీ మాట మారలేదు. "పన్నెండో తేదీ దాకా ఈ అవకాశం మీ పేరు మీద ఉంటుంది. తరువాత ఇంకొకరిని పిలుస్తాం" అంది.

మార్చి 9

మధ్యాహ్నం ఈశ్వరి గోడకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగింది. ఒళ్లు కాలిపోతోంది, చెమట లేదు. ఎత్తుకుని చలువ హాలుకు పరుగెత్తాను. మా వంతు సాయంత్రం. గుమ్మం దగ్గర వరసలో ఉన్నవాళ్లు దారిచ్చారు, ఒక్కాయన తప్ప. ఆయన చేతుల్లో కూడా పసిబిడ్డ ఉంది. ఆయన్ని తోసుకుని లోపలికి వెళ్లాను.

ఫిట్స్ రాలేదు. అరగంటకు కళ్లు తెరిచి నీళ్లడిగింది. డాక్టరమ్మ, "ఇంకోసారి ఫిట్స్ వస్తే మెదడు దెబ్బతింటుంది. ఏప్రిల్ రాకముందే ఎక్కడైనా చల్లగా ఉండే చోటుకు మార్చు తల్లీ" అంది.

సంతకం చేసేద్దామని కాగితం తీశాను. పెన్ను కూడా తీశాను. సంతకం పెట్టి నేను కూడా అరవయ్యో వరసలో పడితే ఆ గదిలో ఈశ్వరిని ఎన్ని రోజులు ఉండనిస్తారో చూద్దామని పేజీలు తిప్పాను. తొంభై రోజులు. పెన్ను మూత పెట్టేశాను.

మార్చి 11

రెండోసారి వెళ్లాను. ఈసారి రెండు చొక్కాలు తొడుక్కుని వెళ్లాను, చలికి. వెంట చెడిపోయిన పంపు ఒకటి తీసుకెళ్లాను.

హిమజ మేడం బల్ల మీద దాన్ని విప్పి, గడియారం చూడమని, ఆరు నిమిషాల్లో తిరిగి నడిపించాను. "నడి ఎండలో, గ్లౌజులతోనే చేయగలను. గ్యాంగు చొక్కాలన్నీ నేనే చూసుకుంటా. దానికి వేరే జీతం వద్దు. నలభై వేలల్లో పది వేలు కూడా తగ్గించుకోండి. నాకు పదిహేడు మార్చండి."

"పది వేలు తగ్గించుకుంటారా?"

"తగ్గించుకుంటా."

ఆవిడ లేచి లోపలికి వెళ్లింది. దాదాపు ముప్పావుగంట రాలేదు. నేను చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాను. వచ్చాక కూర్చోకుండా నిలబడే చెప్పింది.

"ఒప్పుకున్నారు. మీరు కదలలేని స్థితిలో ఉంటే, ఉష్ణోగ్రత ఎంతైనా ఇరవై నిమిషాల్లో బండి వస్తుంది. పదిహేడు-అ అని మీ కాగితంలో వేరుగా రాస్తాం. కానీ ఇంకో షరతు కూడా చేరుతుంది. దీని గురించి మీరు ఎవరికీ చెప్పకూడదు. చెబితే ఉద్యోగం, గది రెండూ పోతాయి."

"ఎవరికీ అంటే?"

"ఎవరికీ. ముఖ్యంగా గ్యాంగులో వాళ్లకు." కొంచెం ఆగి గొంతు తగ్గించింది. "ఒక్కరికి ఇవ్వడానికే నేను లోపల చాలా మాటలు పడ్డానండీ."

చదివాను. మళ్లీ చదివాను. సంతకం పెట్టాను. బయటికి వచ్చాక, ఇంత పెద్ద బేరం గెలిచానని చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేడని తోచింది. ఉన్న ఒక్కడికీ చెప్పకూడదు.

మార్చి 12

మౌలాలన్న పని నుంచి వచ్చీ రాగానే నా బల్ల దగ్గరికి వచ్చాడు. మొహం ఎర్రగా కమిలి ఉంది, నీళ్లు కూడా తాగలేదు.

"ఏమాయ? ఇచ్చినారా?"

"లేదన్నా" అన్నాను. "జీతం ఐదు వేలు పెంచినారు. సరే అనేసినా."

"అంతేలే. ఎవురికీ ఇయ్యరు." నిరాశపడింది ఆయనే. "నేనూ ఒకసారి అడుగుదామా అనుకుంటి, నీకిచ్చింటే. పోనీలే. గది వచ్చెగదా, బిడ్డకు."

ఏం అబద్ధమాడానో ఇక్కడ ఉన్నదున్నట్టు రాశాను.

మార్చి 27

గదిలో చేరి పది రోజులైంది. తొమ్మిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు. కిటికీ లేదు. ఈశ్వరి మొదటిరోజు దుప్పటి అడిగింది. మా దగ్గర దుప్పటి లేదు, ఎప్పుడూ అవసరం పడలేదు. నా చీర నాలుగు మడతలు వేసి కప్పాను. నిద్రలో బుగ్గలు చల్లగా ఉంటే భయమేసి రెండుసార్లు ముక్కు దగ్గర చేయి పెట్టి చూశాను.

ఎండలో పని నేను అనుకున్నట్టే ఉంది. నలభై నిమిషాలు బయట, ఇరవై నిమిషాలు గుడిసెలో. గుడిసె అంటే మైదానం అంచున ఉన్న కంట్రోల్ గది. సుదర్శనం అని సూపర్‌వైజరు అక్కడ కూర్చుని తెర మీద మేము ఎక్కడున్నామో చూపే చుక్కల్ని చూస్తుంటాడు. ప్రతి చొక్కాకు ఛాతీ మీద ఒక ఎర్ర బటన్ ఉంది, పడిపోతే నొక్కడానికి. కదులుతున్నంతసేపూ అది పనిచేయదు.

మేము పన్నెండుమందిమి. ఇద్దరిద్దరు చొప్పున పోతాం. మౌలాలన్న నన్ను తన జతగా అడిగి తీసుకున్నాడు. రోజూ దగ్గరి వరసలు నాకిచ్చి దూరం వరసలకు తను పోతాడు. "కొత్తల్లో గుండె అలవాటు కావల్ల" అంటాడు. నేను వద్దనాలి. ఒక్కరోజు కూడా వద్దనలేదు.

ఏప్రిల్ 22

ఇది ఇవాళే రాయాలి.

పదకొండున్నరకు యాభై ఏడు డిగ్రీలు. మౌలాలన్న నలభై నాలుగో వరసకు వెళ్లాడు. నేను వంతు ముగించుకుని గుడిసెలోకి వచ్చి నీళ్లు తాగుతున్నాను. తెర మీద ఆయన చుక్క ఆగిపోయింది. ఎర్రగా మారింది.

సుదర్శనం గడియారం చూసి, పుస్తకంలో రాసుకున్నాడు. బండి తాళం గోడకు వేలాడుతోంది.

"బండి తియ్యి సార్" అన్నాను.

"ఆయనకు లేదు సుంకులమ్మా. పదిహేడు. సాయంత్రం వరకు తీయకూడదు."

"మనిషి బతికున్నాడు సార్. బటన్ నొక్కినాడు గదా."

"నాకు మాత్రం తెలీదా?" కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చున్నాడు. "నేను తాళం తీస్తే నా ఉద్యోగం పోతుంది. పైన నాకూ గది ఉంది. నాకూ ముగ్గురు ఉన్నారు. నీకైతే ఇప్పుడే తీస్తా. నీ కాగితం వేరే."

నీకైతే తీస్తా అన్నాడు. ఆ మాట విన్నాక చొక్కాలో నీళ్లు నింపుకుని బయటికి నడిచాను.

నలభై నాలుగో వరసకు నడక పావుగంట. పరుగెత్తితే నేనూ దారిలోనే పడతానని తెలుసు. అందుకే నడిచాను. అంత నెమ్మదిగా నడవడం కంటే కష్టమైంది నా జన్మలో ఏదీ లేదు. ఆయన పలక నీడలో లేడు. నీడ జరిగిపోయింది, ఆయన జరగలేకపోయాడు. ఒళ్లు పొడిగా ఉంది. పంపు ఆగలేదు, నేను బాగుచేసినదే, తిరుగుతూనే ఉంది. ఆగిపోయింది ఆయన ఒళ్లే.

రెండు చేతులు పట్టుకుని నీడలోకి లాగాను. నా చొక్కా నీళ్ల గొట్టం ఊడదీసి ఆయన మెడ మీద, తల మీద పోశాను. పెదాలు కదిలాయి. నేను ఆయన పక్కన నేల మీద పడుకుని, కదలకుండా, నా బటన్ నొక్కాను.

వరసల చివరి దాకా చుట్టి రావాల్సిన బండి పద్దెనిమిది నిమిషాలకు వచ్చింది. సుదర్శనమే నడుపుకుంటూ వచ్చాడు. నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు. ముందు ఆయన కాళ్లు పట్టుకుని ఎత్తాడు.

గుడిసె దగ్గర గ్యాంగులో అందరూ బయటికి వచ్చి నిలబడి ఉన్నారు. యాభై ఏడు డిగ్రీల ఎండలో బండి కదలడం వాళ్లు ఎన్నడూ చూడలేదు.

ఏప్రిల్ 25

మౌలాలన్న నిన్న పోయాడు. ఆసుపత్రిలో, చల్లని మంచం మీద. భార్య హుసేన్‌బీ పక్కనే ఉంది. మధ్యలో ఒకసారి కళ్లు తెరిచి ఆమెను పేరుపెట్టి పిలిచాడట. అంతే.

ఇవాళ నన్ను ఆఫీసుకు పిలిచారు. హిమజ మేడం పక్కన పేరు చెప్పని ఒక పెద్దాయన కూర్చున్నాడు. మేడం చదివింది: "బండి ఎక్కేటప్పటికి మీ ఒంటి ఉష్ణోగ్రత ముప్పై ఎనిమిది పాయింట్ నాలుగు. అది పడిపోయే స్థితి కాదు. అంటే మీరు అబద్ధపు పిలుపు ఇచ్చారు."

"పదిహేడు-అ లో ఉష్ణోగ్రత ఇంత ఉండాలని రాయలేదు మేడం."

"మరేం రాసింది?"

"కదలలేని స్థితి అని రాసింది. నేను కదలలేకపోయినా. ఆయన్ను అట్ల ఇడిసిపెట్టి కదలలేకపోయినా."

పెద్దాయన నా కాగితం తీసుకుని ఆ ఒక్క పేజీ చాలాసేపు చదివాడు. మేడం బల్ల వైపే చూస్తోంది. ఆ పేజీ రాసింది ఆమే.

చివరికి ఆయన అన్నాడు. "సరే. ఈసారికి ఇది సరైన పిలుపే అని రాసుకుంటాం. మీ ఉద్యోగం ఉంటుంది, గది ఉంటుంది. మాట బయటికి రాకూడదు. గ్యాంగుకు బండి పరీక్ష కోసం తీశామని చెప్పాం. మీరూ అదే చెప్పాలి."

సరే అన్నాను. వరండాలోకి వచ్చాక కూడా చలి తగ్గలేదు.

ఏప్రిల్ 29

హుసేన్‌బీ మధ్యాహ్నం నా గదికి వచ్చింది. వాళ్లదీ ఇదే వరస, నాలుగు తలుపుల అవతల. తొంభై రోజులు ఉండనిస్తారు. నేల మీద కూర్చుంది. ఈశ్వరి నీళ్లు తెచ్చిస్తే తాగలేదు.

"బండి టెస్టింగు అంటాండారు. ఆ పొద్దే, ఆ గంటకే టెస్టింగు చేసినారంట."

నేను ఈశ్వరి చేతి నుంచి గ్లాసు తీసుకుని ఆమె ముందు పెట్టాను.

"నాకు మతి లేదనుకోకమ్మా. బండి నీ కోసరం వచ్చినాది. నీ కాయితంలో ఉండాదా అది?"

పక్కన ఈశ్వరి నా చీర కప్పుకుని కూర్చుంది. దాని చేయి చల్లగా ఉంది. అవునంటే ఏమవుతుందో నాకు తెలుసు. కాదనడం కూడా నాకు చేతనవును, ఒకసారి అన్నాను.

"ఉండాది" అన్నాను.

"ఎప్పట్నించి?"

"చేరినప్పట్నించి."

"ఆయప్పకు తెలుసునా?"

"నన్ను అడిగినాడు. ఇయ్యలేదని చెప్పినా."

తిడుతుందనుకున్నాను. "ఎట్ల అడగాల్నో నీకు నేర్పిచ్చింది ఆయప్పే గదా" అంది. తిట్టినట్టు కాదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు. "నీకిచ్చినారని తెలిసింటే ఆయప్ప గూడా అడిగుండు."

"అడిగుండు."

"ఆ కాయితం ఇట్లియ్యి."

ఇచ్చాను. ఆమెకు చదవడం రాదు. ఈశ్వరి చేత పదిహేడు-అ మూడుసార్లు చదివించుకుని, పెదాలతో పలుకుతూ నేర్చుకుంది. తరువాత లేచి వెళ్లింది. నీళ్ల గ్లాసు అలాగే ఉంది.

మే 3

పొద్దున ఆఫీసు ముందు గ్యాంగులో మిగిలిన పదిమందీ నిలబడ్డారు. ముందర హుసేన్‌బీ. ఒక్కొక్కరే కిటికీ దగ్గరికి వెళ్లి పదిహేడు-అ కావాలని అడిగారు. అది దొరికేదాకా ఎవరూ ఎండలోకి వెళ్లరట. పది గంటలకల్లా మైదానంలో పందొమ్మిది వరసలు బిగుసుకున్నాయి.

నాకు నోటీసు పదకొండింటికి వచ్చింది. హిమజ మేడం తనే తెచ్చింది. స్వెట్టర్ తీసేసి ఉంది. "మీరు చెప్పలేదని ఒక్క మాట రాసివ్వండి. నేను ఏదో ఒకటి చూస్తాను" అంది.

"చెప్పినా మేడం" అన్నాను.

సాయంత్రంలోగా గది ఖాళీ చేయమన్నారు. పెద్దగా సామాను లేదు. రెండు సంచులయ్యాయి. నాలుగు తలుపుల అవతల హుసేన్‌బీ గుమ్మంలో నిలబడి ఉంది. ఈశ్వరి ఆమెను చూసి చేయి ఊపింది. ఆమె ఈశ్వరికి చేయి ఊపింది. నా వైపు చూడలేదు.

మే 21

మళ్లీ ఏడో గుంతలో, కుట్టు బల్ల దగ్గర. పై నుంచి బాగుచేయడానికి చొక్కాలు వస్తున్నాయి, వాటితో పాటు కబుర్లూ వస్తున్నాయి. కంపెనీ పదిమందికీ పదిహేడు-అ ఇచ్చింది. జీతంలో ఎనిమిది వేలు కోసింది. ఎవరూ కాదనలేదు. పోయిన వారం ఒకతను పడితే పదహారు నిమిషాల్లో తెచ్చారట. బతికాడు.

ఈశ్వరికి నిన్న మధ్యాహ్నం మళ్లీ ఫిట్స్ వచ్చాయి. ఇవాళ మేలుకునే ఉంది. కుడిచేతి వేళ్లు సరిగ్గా ముడుచుకోవడం లేదు. డాక్టరమ్మ కొన్నాళ్లు చూద్దామంది.

ఇది రాస్తూ ఉండగా హుసేన్‌బీ వచ్చింది. నాతో మాట్లాడలేదు. బల్ల మీద బాగుచేయాల్సిన చొక్కా ఏదీ పెట్టలేదు. ఈశ్వరిని భుజాన వేసుకుని, "నా గదికి తొంభై దినాల్లో ఇంగా అరవై నాలుగుండాయి" అని గోడ వైపు చూసి చెప్పి, ఎక్కే మెట్ల వైపు నడిచింది. నేను లేచి వెంట వెళ్లబోయాను. ఆమె ఆగి, వెనక్కి తిరగకుండానే, "నువ్వు రావద్దు" అంది.

నేను మెట్ల కింద నిలబడిపోయాను. పైన గుంత తలుపు తీసినప్పుడు వేడిగాలి ఒక్కసారి కిందికి వచ్చింది. తరువాత తలుపు మూసుకుంది.